ఫరో గుండెకు నీళ్ళు

చర్చి వెనక గదిలో, కిటికీ గట్టు మీద, ఏటా కొన్ని వారాల పాటు ఒక మట్టి ముద్ద కనిపిస్తుంది. అది ఫరో గుండె. పరదాల టీచర్ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

పరదాల టీచర్ బడిలో పాఠాలు చెప్పే టీచరేమీ కాదు. వారమంతా జనాల కిటికీలు కొలిచి పరదాలు కుడుతుంది, ఆదివారం పిల్లలకు దేవుని సంగతులు చెబుతుంది. ఆమె కుట్టు ఎంత కచ్చితమో పాఠమూ అంతే. బానిసలుగా ఉన్న తన జనాన్ని ఫరో రాజు వదలనంటే, ఐగుప్తు దేశం మీదికి దేవుడు పంపిన పది తెగుళ్ళనూ వారానికొకటి చొప్పున చెబుతుంది. మొదటి వారం తడి మట్టితో గుండె చేసి గట్టు మీద పెడుతుంది. పాఠం అయ్యాక పిల్లలు వరసగా వచ్చి దాని మీద బొటనవేలు నొక్కాలి. మొదట్లో వేళ్ళు హాయిగా దిగిపోతాయి. వారాలు గడిచేకొద్దీ మట్టి బిగుసుకుంటుంది. పదో తెగులు నాటికి అది రాయి.

"చూశారా? ఎన్నిసార్లు చెప్పినా విననివాడి గుండె ఇలా అవుతుంది. ఇలా అయినవాడికి ఏమొస్తుంది?" అని అడుగుతుంది.

"తీర్పు!" అని పిల్లలంతా అరుస్తారు. చాక్లెట్లు పంచేటప్పుడు కూడా వాళ్ళ గొంతులు అంత పైకి లేవవు.

పాస్టరుగారికి కూడా ఆ పాఠం మహా ఇష్టం. పెద్దవాళ్ళ ప్రసంగానికి ఓసారి ఆ గుండెను అరువడిగారు. ఆమె ఇవ్వలేదు.

ఇక ఇల్లు. మూడో అంతస్తులో మెట్ల దగ్గర రెండు తలుపులు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి టీచర్‌ది, రెండోది ఆమె చెల్లెలిది. ఒకప్పుడు ఆ రెండు తలుపులూ పగలంతా బార్లా తెరిచే ఉండేవి. అక్క గుడ్డ కత్తిరిస్తే చెల్లి కుట్టేది. చెల్లి భర్త చిన్నవయసులోనే పోతే, ఆమె పెద్దకొడుకు అన్నం తిన్నదీ, అక్షరాలు దిద్దిందీ, జ్వరమొస్తే పడుకున్నదీ పెద్దమ్మ ఇంట్లోనే. టీచర్‌కు పిల్లలు లేరు. వాడున్నాడు గనక ఆ లోటు తెలియలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. చెల్లి నోరు జారింది. టీచర్ భర్త మంచాన పడి, ఏ డాక్టరూ ఏమీ చెప్పలేక చేతులెత్తేసిన రోజుల్లో, ఆయన మంచం పక్కన నిలబడి, "అక్కా, బావ ఏదో తప్పు దాస్తున్నాడు. ఊరికే కొట్టడు దేవుడు. ఒప్పుకోమను, లేచి కూర్చుంటాడు," అంది.

ఆయన విన్నాడు. అదీ అసలు బాధ. ఆ మాట అనేసి చెల్లి వెళ్ళిపోయింది, ఆయన మాత్రం ఆ మాటతోనే మిగిలాడు. బడి రోజుల నుంచి మొదలుపెట్టి తన బతుకంతా తిరగేసి వెతుక్కున్నాడు. "నేనేం చేశానే?" అని భార్యను అడిగేవాడు. చిన్నప్పుడు పక్కింటి కుక్కను రాయితో కొట్టాను, అదేనా? మా నాన్న పిలిస్తే ఒకసారి పలకలేదు, అదేనా? అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూనే పోయాడు.

ఆ తర్వాత టీచర్ తన తలుపు మూసింది. చెల్లి పిలిచినా తీయలేదు. కొన్నాళ్ళకు చెల్లి పిలవడమూ తగ్గింది. పెద్దోడు మాత్రం మానలేదు. వాడిప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజూ పనికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, మూసి ఉన్న తలుపుకేసి, "పెద్దమ్మా, వెళ్ళొస్తా," అంటాడు. సాయంత్రం వచ్చి, "పెద్దమ్మా, వచ్చేశా," అంటాడు. ఆమె లోపల తలుపుకున్న గాజు కంతకు కన్ను ఆనించి నిలబడి ఉంటుంది. వాడు చిక్కాడో లావయ్యాడో చూసుకుంటుంది. పలకదు. ఇన్నేళ్ళుగా ఆమెకు మిగిలిన బంధుత్వమంతా ఆ కంతలో పట్టేసింది.

మిగతా రోజంతా కుట్టుమిషనుతోనే మాటలు. "ఏమ్మా, దారం తెంపుతున్నావేం, నీకూ అలకేనా?" అని దాన్ని అడుగుతుంది. కొలతలకు వెళ్ళిన ఇళ్ళలో జనం ఆమె ముందే నవ్వుకుంటారు, తిట్టుకుంటారు, ఏ రంగు బాగుంటుందని ఆమెనే మధ్యవర్తిగా పెడతారు. పరదా వేలాడదీశాక ఆ కిటికీ మూసుకుపోతుంది, ఆమె మెట్లు దిగి వచ్చేస్తుంది. ఇంట్లో దీపం వెయ్యడానికి కూడా ఒక్కోసారి బుద్ధిపుట్టదు. ఎవరికోసం వెయ్యాలి?

అలాంటి మనిషికి ఈ ఏడు ఒక కాలక్షేపం దొరికింది. అది మంచి కాలక్షేపం కాదు.

మొదటి తెగులు చెప్పిన వారమే చెల్లి ఇంట్లో కుళాయిలోంచి ఎర్రటి నీళ్ళొచ్చాయి. అటువైపు గొట్టం పాతది, తుప్పు పట్టింది, అంతే సంగతి. కానీ టీచర్ చేతిలో కత్తెర ఆగిపోయింది. నీళ్ళు రక్తంగా మారిన పాఠం నిన్ననే కదా చెప్పింది! ఖాళీ బకెట్ పట్టుకుని పెద్దోడు తలుపు తట్టాడు. "పెద్దమ్మా, ఒక్క బకెట్ నీళ్ళు పట్టుకుంటా." టీచర్ ఊపిరి బిగబట్టి, ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చుంది. అప్పటిదాకా మిషను దానంతటదే తొక్కుకుందన్నమాట.

ఆ తర్వాత కప్పలు రావాలి. మూడో అంతస్తుకు ఏ కప్ప ఎక్కొస్తుంది? కానీ చెల్లి స్నానాలగదిలో తూము పూడుకుపోయి బెకబెకమని చప్పుడు చేసిందని తెలిసి, దాంతోనే సరిపెట్టుకుంది. పేల పాఠం వారం చెల్లి చిన్నకొడుకు పెళ్ళాం పిల్లతో సహా పొరుగూరి నుంచి వచ్చింది. పిల్ల తల గీరుకుంటూ ఉంది. "అత్తయ్యా, పేలదువ్వెన ఉందా?" అని కోడలు తలుపు తట్టింది. ఉంది, రెండున్నాయి. టీచర్ ఉలకలేదు, పలకలేదు.

ఈగలు ఎవరింట్లో లేవు గనక? పశువులకు తెగులొచ్చిన వారం, చెల్లి ఇంట్లో పశువులు లేవు కాబట్టి చచ్చి ఊరుకున్న స్కూటర్‌ను ఆ పద్దులో వేసుకుంది. చెల్లికి దద్దుర్లు లేచిన సంగతి ఆమె కళ్ళారా చూడలేదు, కింద కిరాణాకొట్టు ఆవిడ చెప్పింది. వడగళ్ళు పడి చెల్లి కిటికీ అద్దం పగిలిన రోజు టీచర్ లోలోపల చంకలు గుద్దుకుంది. ఆ వడగళ్ళకే తన కిటికీ అద్దం కూడా పగిలింది గాని, అది లెక్కలోకి రాదనుకుంది. ఇక చెల్లి అత్తవైపు చుట్టాలు ఏదో పని మీద మందగా దిగి, వంటింట్లో ఉన్నదంతా ఊడ్చేసి తింటుంటే, మిడతలని ఎవరైనా వేరే చెప్పాలా? "పెద్దమ్మా, చుట్టాలు పడుకోడానికి దుప్పట్లేమైనా..." అని పెద్దోడు మళ్ళీ వచ్చాడు. ఇంటినిండా గుట్టలుగా గుడ్డలున్న మనిషి ఒక్క ముక్క తీసివ్వలేదు.

ఇదంతా దేవుడు చేస్తున్నాడనుకుంది. మా ఆయన్ను అంత మాటంది కదా, ఇప్పుడు అనుభవించనీ. నా తలుపు ముందుకొచ్చి, "బావ ఏ తప్పూ చెయ్యలేదక్కా," అని ఏడవాలి. అప్పుడు చూద్దాం. అలా అనుకున్న రోజుల్లో మిషను కూడా ఉత్సాహంగా నడిచేది.

తొమ్మిదో తెగులు పాఠానికి ముందురోజు కొట్టుకు దారం ఉండల కోసం దిగింది. కొట్టావిడ చిల్లర ఇస్తూ ఆగి, "మీ చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళారా?" అంది.

"ఎందుకు?"

"అయ్యో, మీకు తెలీదా? షుగరు కళ్ళ మీదికొచ్చిందట. ఒక కన్ను ఎప్పుడో పోయిందట, చెప్పుకోలేదు పిచ్చిది. రెండోదానికి మొన్న ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారట. పెద్దబ్బాయే అన్నీ చూసుకుంటున్నాడు."

చీకటి. తొమ్మిదోది చీకటి.

టీచర్ మెట్లెక్కింది. గుమ్మందాకా వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పటిదాకా వారం వారం ముందుకు నడిపించుకొచ్చిన లెక్కలో తర్వాతది ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. పదో తెగులు. ఇంటింటా తొలిచూలు బిడ్డ చావు.

ఎదురు తలుపు లోపల పెద్దోడు తల్లికి మందులు చెబుతున్నాడు. "ఇది తినకముందు, ఇది తిన్నాక. అమ్మా, వింటున్నావా?" ఆ గొంతు వింటూ అక్కడే నిలబడిపోయింది. వాడు రోజంతా దూరేది లిఫ్టుల గోతుల్లో. పైన ఇనుప తాళ్ళు, కింద లోతు. తలుపు తీసి, "వద్దురా, ఈ వారం పనికి వెళ్ళకు," అందామనుకుంది. అని ఏం చెప్పాలి? మీ అమ్మ మీద దేవుడు నా పక్షాన తెగుళ్ళు పంపుతున్నాడు, నువ్వే మిగిలావు అనా? ఆమె తన ఇంట్లోకి వెళ్ళి తలుపు మూసుకుంది. ప్రార్థన చేద్దామని మోకాళ్ళూనింది గాని, ఏమని అడగాలో తెలియలేదు. తీర్పు కావాలని అడిగింది తనే కదా.

మర్నాడు మధ్యాహ్నం చర్చి వెనక గది కిటికీలకు నల్లటి పరదాలు కట్టి చీకటి చేసింది. ఏటా చేసేదే. పిల్లలు కిచకిచలాడారు. ఐగుప్తు మీద కమ్ముకున్న చీకట్లో పక్కనున్న మనిషికి పక్కనున్న మనిషే కనబడలేదనీ, మూడు రోజులు ఎవరి చోటు నుంచి వాళ్ళు కదల్లేదనీ చెప్పింది. చెబుతుంటే గొంతు తనది కానట్టు వినిపించింది. మూడు రోజులకే అదొక తెగులైతే తన ఇంటి సంగతేమిటి?

పరదాలు తీశాక, "రండి, ఫరో గుండె మీద వేలు పెట్టండి. ఇవాళ దిగదు చూడండి," అంది.

మొదటి పిల్లవాడి వేలు మెత్తగా దిగిపోయింది.

"టీచర్, మెత్తగా ఉంది!"

ఆమె వచ్చి నొక్కి చూసింది. నిజమే. మొదటి వారం ఎలా ఉందో అలాగే తడిగా, చల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు. వారం వారం మెత్తగానే ఉంటున్నా, తన లెక్కల ధ్యాసలో పడి ఆమె చూసుకోనేలేదు. ఇప్పుడు ఒళ్ళు మండింది.

"ఎవరు చేశారిది? పాఠమంతా పాడైపోయింది. ఎవరు నీళ్ళు పోశారు?"

అందరూ మూల కూర్చున్న రెండు జడల పిల్లకేసి చూశారు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"రోజూ బడి నుంచి వెళ్తూ కిటికీలోంచి కొంచెం పోశాను టీచర్. నా సీసాలో మిగిలినవే."

"ఎందుకు?"

"గట్టిపడితే పెద్దబ్బాయి చచ్చిపోతాడు కదా టీచర్. పోయినేడు చెప్పారుగా." ముక్కు తుడుచుకుంది. "మా అన్నయ్య కూడా పెద్దబ్బాయే."

ఎవరో కిసుక్కున నవ్వారు. టీచర్ ఆ పిల్లను తిట్టలేదు. తర్వాత నెమ్మదిగా ఆ ముద్దను గట్టు మీది నుంచి తీసి, తడి గుడ్డలో చుట్టి, "ఇవాళ్టికి చాలు, ఇళ్ళకు వెళ్ళండి," అంది. పిల్ల దగ్గర ఆగి తల నిమరబోయి, మట్టి చేతులని గుర్తొచ్చి ఊరుకుంది.

ముద్దను పొదివి పట్టుకుని వీధిలో నడిచింది. ఎన్నేళ్ళు చెప్పింది ఆ పాఠం! ఆ మట్టికి ఒక్క చుక్క నీళ్ళు పొయ్యాలని తనకెప్పుడూ తోచలేదు. గట్టిపడాలని, పదో వారం టక్కుమని మోగాలని ఎదురుచూసేది. అసలు దేవుడు కూడా అలాగే ఎదురుచూశాడా? చంపడమే పనైతే మొదటిరోజే చంపొచ్చు. చంపాలనుకున్నవాడు పదిసార్లు తలుపు కొట్టడు. ఫరో దగ్గరికి ప్రవక్త మోషేను మళ్ళీ మళ్ళీ పంపించడు. వడగళ్ళు పడేముందు కూడా, మనుషుల్నీ పశువుల్నీ లోపలికి తోలుకోండని చెప్పి మరీ కురిపించాడు. విన్నవాళ్ళవి బతికాయి. ఆ సంగతి పాఠంలో ఉంది. తొందరలో దాటేసేది.

పదిసార్లు తలుపు కొట్టడం. ఆ మాట దగ్గర ఆమె నడక తప్పింది.

తలుపు కొట్టింది ఎవరిది? బకెట్ పట్టుకుని వచ్చింది ఎవరి గుమ్మానికి? దువ్వెన అడిగింది ఎవర్ని? దుప్పట్లు? పొద్దునా సాయంత్రం "పెద్దమ్మా" అని పిలిచింది ఎవర్ని? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె నడివీధిలో చీర చెంగు సర్దుకుంది. ఇన్ని వారాలుగా చెల్లిని ఐగుప్తులో కూర్చోబెట్టి, తను మోషే పక్కన నిలబడ్డాననుకుంది. సింహాసనం మీద కూర్చుంది తనే. పగిలిన తన కిటికీ అద్దం ఇప్పుడు గుర్తొచ్చింది.

సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. గబగబా మెట్లెక్కింది.

పొద్దున పెద్దోడు, "పెద్దమ్మా, వెళ్ళొస్తా. ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయిందట, మధ్యాహ్నానికి వచ్చేస్తా," అని తలుపుకు చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు ఎండ వాలిపోయింది. మెట్ల దగ్గర వాడి చెప్పులు లేవు. టీచర్ తన తలుపు తాళం తీయలేదు. ఎదురు తలుపు ముందు నిలబడింది. గాజు కంతలోంచి ఇన్నేళ్ళు చూసిన తలుపే, దగ్గర్నుంచి చూస్తే రంగు ఊడిపోయి ఉంది. కొట్టింది.

లోపల ఏదో స్టూలు తగిలి పడింది. గోడ తడుముకుంటూ వస్తున్న చప్పుడు. గడియ తీయడానికి చాలాసేపు పట్టింది.

చెల్లి ఇంత చిన్నగా అయిపోయిందని ఆమెకు తెలియదు. ఒక కంటికి కట్టు, రెండోది తెరిచే ఉన్నా ఎటో చూస్తోంది.

"పెద్దోడా? తాళంచెవి మర్చిపోయావా?"

టీచర్ ముద్దను ఒక చేతిలోకి మార్చుకుంది.

"ఎవరు? మాట్లాడరేం?" చెల్లి గొంతులో బెదురు. చెయ్యి ముందుకు చాపి గాలిలో వెతికింది. ఆ చెయ్యి అక్క చేతికి తగిలింది, బొటనవేలి దాకా పాకింది. ఏళ్ళ తరబడి కత్తెర పట్టి కట్టిన కాయ దగ్గర ఆగిపోయింది.

"అక్కా," అంది.

ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. తర్వాత చెల్లి గోడకు ఆనుకుని కిందికి జారి, గడప దగ్గరే కూర్చుంది. టీచర్ కూడా పక్కన కూర్చుంది. ముద్దను ఒడిలో పెట్టుకుంది.

"నువ్వు ఎందుకొచ్చావో తెలుసులే," అంది చెల్లి. "చూసి పోదామని. చూడు. బావను నేనన్న మాట ఇప్పుడు నా నెత్తి మీదే కూర్చుంది. ఈ కట్టు కింద పడుకుని అదే వెతుక్కుంటున్నా. నిజం చెప్పక్కా, పిల్లలకు చెబుతావుగా నువ్వు. ఇది నాకు శిక్షేనా? నేనేం చేశానే?"

అదే మాట. ఆయన అడిగిన మాటే. ఆ రోజు ఆయన అడిగినప్పుడు తను ఏమీ చెప్పలేదు. చెల్లి మీద కోపంతో ఇన్నేళ్ళూ కప్పెట్టుకున్నది అదే. ఏమో, నిజంగానే ఏదో దాచాడేమో అన్న అనుమానం తనకూ కలిగింది. అందుకే, "నువ్వేం చెయ్యలేదు," అని ఒక్క మాట అనలేకపోయింది. ఆయన దానికోసమే ఎదురుచూసి పోయాడు.

"చేశావే," అంది టీచర్. "ఆయన్ని ఏడిపించావు. నన్ను ఏడిపించావు. కానీ నీ కళ్ళు దానికి పోలేదు. అది షుగరు." ఆగింది. "ఆయనకూ ఏ తప్పుకీ రాలేదు. నేనే చెప్పాల్సింది. అడిగినప్పుడు చెప్పలేదు."

చెల్లి ఏడ్చింది. కట్టు తడుస్తుందని టీచర్ చీర చెంగుతో చెంపలు తుడుస్తూ, తానూ ఏడ్చింది. "ఏడవకే, డాక్టరు తిడతాడు," అంటూనే.

"నేను లెక్కపెట్టానే," అంది కాసేపయ్యాక. "నీ కుళాయి నీళ్ళూ, పేలూ, స్కూటరూ. మీ అత్తవైపు వాళ్ళను మిడతలన్నాను."

చెల్లి ఏడుపు మధ్యలో తలెత్తింది. "వాళ్ళను మిడతలంటే మిడతలు ఊరుకోవు," అంది. నవ్వొచ్చింది ఇద్దరికీ. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పెద్దోడు ఇంకా రాలేదేంటే?"

"మధ్యాహ్నమే వస్తానన్నాడు. ఫోనెత్తడం లేదు."

టీచర్ ఒడిలో ముద్దను గట్టిగా పట్టుకుంది. చెల్లి చెయ్యి దాని మీద పడింది. "ఇదేంటి?"

"ఫరో గుండె."

చెల్లి వేలితో నొక్కి చూసింది. "మెత్తగా ఉందేం?"

"ఒక పిల్ల రోజూ నీళ్ళు పోసింది."

మెట్ల మీద చీకటి పడుతోంది. దీపం వెయ్యడానికి ఇద్దరూ లేవలేదు. కింద ఎవరి తలుపో తెరుచుకుని మూసుకుంది. ఎవరో దగ్గారు, వాడు కాదు. దేవా, లెక్క నాది, నీది కాదు, వాడిని పంపించు అని టీచర్ మనసులో అంది. చెల్లి ఆమె బొటనవేలు వదలకుండా పట్టుకుని ఉంది.

అప్పుడు అడుగుల చప్పుడు. అలిసిన అడుగులు, పనిముట్ల సంచి మెట్లకు తగులుతున్న చప్పుడు. రెండో అంతస్తు మలుపు దాటింది. ఎప్పట్లాగే పై మెట్టు మీద ఆగి, వాడు మూసి ఉన్న తలుపుకేసి తిరిగి, "పెద్దమ్మా, వచ్చేశా," అన్నాడు.

"ఇటు," అంది టీచర్ వెనక నుంచి. "ఇంత ఆలస్యమేంట్రా?"